రాలని గింజకు కాపలా

పెన్నకు ఎగువన, ఎర్రగరప నేలల నడుమ ఒకానొక కాలంలో ఒక చెరువు ఉండేది. నిండిన ఏడు నిండేది, నిండని ఏళ్లలో ఆవులు దాని అడుగునే నడిచిపోయేవి. నీళ్లు నిలిచినప్పుడల్లా దాని అంచున నివ్వరి మొలిచేది. ఎవరూ విత్తింది కాదు, ఎవరూ నాటింది కాదు. నల్లటి ఊక, ఎర్రటి బియ్యం, గింజ కొసన వేలెడు ముల్లు. అప్పటికి ఆ ఊళ్లో నాగలి లేదు, కయ్య లేదు, తూము తెరిచే నీరుగంటి లేడు.

ఊళ్లో ఒక అవ్వ. నివ్వరి పండే రోజుల్లో తెల్లవారుజామునే గంప చంకన పెట్టుకుని మోకాటి లోతు నీళ్లలోకి దిగేది. మంచు తడి ఉన్నంతసేపే గింజ ఆగుతుందని ఆమెకు తెలుసు. కంకిని గంప మీదికి వంచి పుల్లతో తట్టేది. గంపలో పడింది ఆమెది, నీళ్లలో పడింది చెరువుది. ఎక్కువ వంతు చెరువుకే పోయేది. పిచ్చుక వాలినా రాలేది, పైట చెంగు తగిలినా రాలేది. అందులోనూ ఒక కంకిలో గింజలన్నీ ఒకేనాడు పండవు. కిందివి పాలు పట్టే వేళకే పైవి రాలిపోయి ఉండేవి. ఒక పూట గంజికి నాలుగు పూటలు తిరిగేది అవ్వ.

నివ్వరి కులంలో ఒక కట్టుబాటు ఉంది. ముసలి దుబ్బు పిల్ల దుబ్బులకు ఏటా అదే చెప్పేది.

"పండినాంక పట్టుకోగూడదు. గింజను నేలకు అప్పజెప్పాల. నేల దాచి పెడతాది. ఈ ఏడు వాన రాకుంటే వచ్చే ఏడు, అప్పుడూ రాకుంటే ఆ పై ఏడు. నేలకు ఆకలి లేదు, తొందర లేదు."

ఒక ఏడు ఒక దుబ్బుకు గింజ రాలలేదు. పండింది, ఎండింది, గాలి వీచింది. పక్క దుబ్బులన్నీ గలగలా రాల్చుకుని చేతులు దులుపుకున్నాయి. ఇది మాత్రం కంకి బరువుకు వంగి అట్లే నిలబడింది.

"ఏమే, పిల్లల్ని అత్తగారింటికి పంపవా?" అంది పక్కది.

"పంపాలనే ఉండాది. చేతులు రావడం లేదు."

"అట్లయితే నీ వంశం నీతోనే సరి. కొమ్మన ఎండి, పిట్టల పాలు."

ఆ మాటలో తప్పేమీ లేదు. అంతకుముందు కూడా అలాంటి దుబ్బులు ఎప్పుడో ఒకటి పుట్టేవి, నలుగురూ నవ్వేవారు, మరుసటి ఏడు వాటి ఊసు ఉండేది కాదు.

ఈసారి పిట్టకంటే ముందు అవ్వ వచ్చింది. కంకిని వంచి తట్టింది. రాలలేదు. మళ్లీ తట్టింది. "ముసలిదాన్ని చేసి నాతో ఎగతాళా?" అని విసుక్కుని, కంకిని కాడతో సహా తెంపి గంపలో పడేసింది. ఇంటికి పోయి బండమీద వేసి బాదితే అప్పుడు ఊడాయి గింజలు. అన్ని గింజలతోపాటు అవీ కుండలోకి పోయాయి. అవ్వ ఆ కంకిని మెచ్చుకోలేదు, దాచిపెట్టుకోలేదు, మరునాటికి మరిచిపోయింది కూడా.

మరుసటి ఏడు ఎద్దులు తొక్కి చెరువు అంచున నివ్వరి పాడైతే, కుండలో మిగిలిన గింజ తెచ్చి ఆ బురదలో చల్లింది. చెరువు తనకు తాను చల్లుకునేది రాలిన గింజను. అవ్వ చల్లింది రాలకుండా గంపకెక్కిన గింజను. తేడా అంతే. అవ్వ ఏరలేదు, గంప ఏరింది.

ఆమె బిడ్డ కాలానికి కొడవలి వచ్చింది. పుల్లతో తట్టడం పోయి కంకిని కోయడం వచ్చాక గంప ఇంకా గట్టిగా ఏరింది. మనమరాళ్లు పోయారు, వాళ్ల మనమరాళ్లు వచ్చారు. గట్లు లేచాయి, కయ్యలు వచ్చాయి, తూము కింద పైరు ఒక మట్టాన నిలబడింది. ఒకనాటికి కయ్య నిండా గింజను వదలని దుబ్బులే. దానికి వరి అని పేరు వచ్చింది. గింజ ముల్లు పొట్టిదయింది, కంకి విచ్చుకోవడం మాని దగ్గరికి ముడుచుకుంది.

ఇప్పుడు నవ్వడం వరి వంతు. "మీ పిల్లలు బురదపాలు, మా పిల్లలు కుండపాలు. ఎలుకొస్తే కొట్టేది మనిషి, చీడొస్తే బూడిద కలిపేది మనిషి. మాకేం తక్కువ?" అనేది గట్టు అవతలి నివ్వరితో.

"కుండ మంచిదే," అంది నివ్వరి. "ఆ కుండకు ఆకలైతే?"

"కుండకు ఆకలేందే?"

నివ్వరి మరి మాట్లాడలేదు.

కరువు వచ్చింది. మొదటి ఏడు కయ్యల్లో సగం పండింది. రెండో ఏడు చెరువు అడుగు బీటలు తీసింది. నడివేసవిలో ఒక్కటంటే ఒక్క దొంగ వాన పడింది. కళ్లం చుట్టూ చెదిరి పడివున్న వరి గింజలు ఆ తడి చూసి సంబరంగా మొలకెత్తాయి. వారానికే మాడిపోయాయి. అదే తడి చెరువు బీటల్లోని నివ్వరి గింజకూ తగిలింది. అది కదల్లేదు. ముల్లు బీటలో దిగేసి, ఊక బిగించుకుని పడుకుంది.

మూడో ఏడు మాగాణి నేలలో వరి గింజ ఒక్కటి లేదు. ఉన్నదంతా ఊరి చివరి ఇంట్లో అటక మీద, బూడిద కలిపి, కానుగాకు వేసి, మూతికి మట్టి మెత్తిన కుండలో ఉంది. ఆ ఇంట్లో అప్పటి అవ్వ, మొదటి అవ్వకు ఎన్నో తరం మనమరాలో లెక్క తెలియదు, మనమడితో ఉంది.

"అవ్వా, కుండ దించు."

"అది బువ్వ కాదు రా, ఇత్తనం."

"మనం సచ్చినాంక ఇత్తేది ఎవరు?"

అవ్వ దగ్గర జవాబు లేదు. పిల్లవాడు తప్పేమీ మాట్లాడలేదు. విత్తనం దాచాలని కడుపు నిండినవాడు చెప్పడం సులువు. అవ్వ పొద్దుగూకేదాకా కుండ వైపు చూస్తూ కూర్చుంది. దించుదామని నిచ్చెన కూడా వేసింది. తర్వాత ఏమనుకుందో, చాట, పొరక, పలుగు తీసుకుని చెరువులోకి నడిచింది.

బీటల్లో పలుగు దించి పెల్లలు పెకలించింది. పెల్లను చిదిపి, చాటలో పోసి చెరిగింది. దుమ్ము పోయింది, నత్తగుల్లలు పోయాయి, అడుగున నల్లటి గింజలు మిగిలాయి. ఎన్నడూ ఎవరూ కోయని గింజలు, రాలిపోయి నష్టమైందని ఆమె పెద్దలు తిట్టుకున్న గింజలు. దంచితే దోసెడు ఎర్రబియ్యం. గంజి కాచింది. మరునాడు ఊళ్లో ఉన్న ఆడవాళ్లందరూ చాటలు పట్టుకుని చెరువులోకి దిగారు.

స్వాతి కార్తెలో చెరువులోకి నీళ్లు వచ్చాయి. కుండ దించి నారు పోశారు. పైరు లేచాక మనమడు కలుపు తీస్తూ, కయ్య మూలన ముల్లు గింజ దుబ్బులు చూసి పీకబోయాడు.

"కయ్యలోవి పీకు. చెరువు మూలవి ఉండనీ."

"అది కలుపు కదవ్వా?"

"కలుపే. ఉండనీ."

*

నీతి: రాలని గింజను ఇంటికి తెచ్చుకున్ననాడే విత్తనం దాచే పని నేల చేతిలోంచి మనిషి చేతికి వచ్చింది. ఆ పనిని ఆకలితో ఉన్న ఒక్క ఇంటి మీద వదిలేయకూడదు.

రెండో వాక్యం లేకుంటే మొదటిది ఉత్త పాఠం. అయినా మొదటిదాని వెనక ఉన్న శాస్త్రం కథకంటే చిత్రమైనది, ముందు అది చెప్పాలి.

వరి గింజకూ అది అంటుకున్న సన్నకాడకూ మధ్య, కంటికి ఆనని చోట, పలుచటి గోడలున్న చిన్న కణాల వరుస ఒకటి ఉంటుంది. నివ్వరిలో ఆ వరుస కాడను అడ్డంగా పూర్తిగా కోసినట్టు ఉంటుంది. గింజ పండగానే ఆ గోడలు కరిగి, గింజ నున్నటి మచ్చ వదిలి ఊడిపోతుంది. సాగు వరిలో ఆ వరుస ఉంది కానీ నడుమ, నీరూ ఆహారమూ నడిచే నాళాల దగ్గర తెగిపోయి ఉంది. అక్కడే పట్టు. 2006లో అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన చాంగ్‌బావో లి, ఐలింగ్ జౌ, తావో సాంగ్ నివ్వరినీ ఇండికా వరినీ సంకరం చేసి, ఆ పట్టు ఎక్కడినుంచి వచ్చిందో వెతికారు. నాలుగో క్రోమోజోములో ఎస్‌హెచ్4 అనే జన్యువు దొరికింది. అందులో ఒకే ఒక్క డీఎన్ఏ అక్షరం మారింది, 'జి' ఉండాల్సిన చోట 'టి'. దానితో ఆ జన్యువు చేయించే ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం స్థానంలో ఆస్పరాజిన్ వచ్చి కూర్చుంది. ఆ ప్రోటీన్ పని ఇతర జన్యువులకు ఉత్తరువులివ్వడం. ఉత్తరువు మందగించింది, కణాల వరుస సగంలో ఆగింది.

సగంలో ఆగడమే మన అదృష్టం. పూర్తిగా రాలిపోయేదైతే గంపకు రాదు. అసలే రాలనిదైతే కళ్లంలో మోపును బండకేసి ఎంత బాదినా గింజ విడవదు, కొట్టేవాడి రెక్కలు పడిపోతాయి. జపాన్ వరిలో అంత గట్టి పట్టు ఉంది. అదే 2006లో జపాన్ శాస్త్రవేత్తలు ఒకటో క్రోమోజోములో క్యూఎస్‌హెచ్1 అనే చోటును పట్టుకున్నారు. అక్కడా ఒక్క అక్షరమే మారింది, అదీ జన్యువు లోపల కాదు, దానికి 12 వేల అక్షరాల దూరాన. ఆ మార్పుతో నిప్పన్‌బరే లాంటి రకాల్లో ఆ కణాల వరుస ఏర్పడడమే లేదు. మన ఇండికా వరులు ఎండు పన బండకు తగలగానే జలజలా రాలడానికీ, కోత ఆలస్యమైతే కయ్యలోనే కొంత రాలిపోవడానికీ ఈ తేడా ఒక కారణం.

ఒక్క అక్షరంతో వరి పుట్టిందని అప్పట్లో చాలా రాశారు. అంత సులువుగా జరగలేదు. ఎస్‌హెచ్4 అక్షరాన్ని ఒక్కదాన్నే అడవి వరిలోకి తెచ్చి చూస్తే గింజ ఇంకా రాలుతూనే ఉంది. 2022లో వచ్చిన పరిశోధన ఒకటి తేల్చిందేమంటే, ఎస్‌హెచ్4కు క్యూఎస్‌హెచ్3 అనే మరో మార్పు తోడై, దానికి కంకి ముడుచుకునే గుణం కలిస్తేనే పట్టు నిలుస్తుంది. అడవి వరి కంకి కొమ్మలు విచ్చుకుని ఉంటాయి, గింజ ఊడితే నేరుగా కిందికే. ముడుచుకున్న కంకిలో పట్టు సడలిన గింజ కూడా పక్క గింజకు ఆని, ముల్లుకు చిక్కుకుని కాసేపు ఆగుతుంది. కొడవలి వచ్చేదాకా ఆగితే చాలు. కాడను పట్టుకోలేని గింజలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. కథలో ఇది పెట్టి ఉండాల్సిందేమో గానీ, దుబ్బులకు అప్పటికే మాటలెక్కువయ్యాయి.

ఇదంతా ఒక అవ్వ కాలంలో జరిగే పని కాదు. చైనాలో యాంగ్‌చీ నది దిగువన తియాన్‌లువోషాన్ అనే చోట దాదాపు 6,900 నుంచి 6,600 ఏళ్ల కిందటి వరి గింజల మొదళ్లు దొరికాయి. నున్నటి మచ్చ ఉంటే తానే రాలింది, చిరిగిన మచ్చ ఉంటే బాదితే ఊడింది. 2009లో డోరియన్ ఫుల్లర్ బృందం వాటిని లెక్కబెడితే, రాలని రకం 300 ఏళ్లలో 27 శాతం నుంచి 39 శాతానికి పెరిగింది. పది పన్నెండు తరాల అవ్వలకు పన్నెండు శాతం. ఏ ఒక్క అవ్వకూ తన కాలంలో మార్పు కనబడి ఉండదు.

అంటే మన కథ చెరువు నిజానికి పెన్న ఒడ్డుది కాదు. ఈ పీఠభూమి తొలి సేద్యం వేరు. అనంతపురం జిల్లా పాలవాయిలో నవీన శిలాయుగపు బూడిదదిబ్బ ఒకటి ఉంది. ఆ కాలపు దక్కన్ ఊళ్లలో దొరికిన మాడిన గింజల్లో ముఖ్యమైనవి అండుకొర్రలు, ఉలవలు, పెసలు. వరి చెరువుల వెంట ఆలస్యంగా వచ్చింది. అయినా కొర్ర సంగతి చూస్తే కథ మారదు. 2020లో కొర్రకు అడవి చుట్టమైన గడ్డి జన్యువుల్ని చదివినప్పుడు, గింజ రాలడాన్ని శాసించే లెస్1 అనే జన్యువు బయటపడింది. సాగు కొర్రలో ఆ జన్యువు మధ్యలో, ఒకచోటి నుంచి మరోచోటికి గెంతే డీఎన్ఏ ముక్క ఒకటి వచ్చి దూరి, దాన్ని పనికిరాకుండా చేసింది. జొన్నలో చెడింది ఎస్‌హెచ్1 అనే మరో జన్యువు, అదీ వేర్వేరు చోట్ల మూడు రకాలుగా. తాళం ప్రతిసారీ వేరేచోట చెడింది, తలుపు ప్రతిసారీ ఒకేలా మూసుకుంది.

ఇక నివ్వరి. దాన్ని మనం పూర్తిగా మరవలేదు. గుళ్లో మంత్రపుష్పం చదువుతుంటే వినండి, హృదయంలోని వెలుగు సన్నదనానికి పోలిక తెచ్చింది ఈ గింజ ముల్లునే. శాకుంతలంలో దుష్యంతుడు ఆశ్రమం దగ్గరపడిందని గుర్తుపట్టిన ఆనవాళ్లలో ఒకటి, చెట్టుతొర్రల్లోని చిలుకల నోటినుంచి కింద రాలిన నీవారపు గింజలు. 1965లో ఎస్.డి. శర్మ, ఎస్.వి.ఎస్. శాస్త్రి ఈ మొక్కకు శాస్త్రీయ నామం పెడుతూ ఆ పేరునే ఉంచారు, ఒరైజా నివారా అని. ఈ శాస్త్రే హైదరాబాదులో అఖిల భారత సమన్విత వరి అభివృద్ధి పథకానికి సారథ్యం వహించారు.

చెరువు మూల దుబ్బును ఉండనీయమన్న అవ్వ మాటకు విలువ, ఆ పేరు పెట్టిన పదేళ్లకే తెలిసింది. 1970లలో సుడిదోమ మోసుకొచ్చిన గ్రాసీ స్టంట్ వైరస్ ఆసియా వరిని గిడసబార్చేసింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆరు వేలకు పైగా రకాల్ని పరీక్షిస్తే, తట్టుకున్నది ఉత్తరప్రదేశ్ నుంచి సేకరించిన ఒక్క నివ్వరి. గుర్‌దేవ్ ఖుష్ బృందం ఆ గుణాన్ని సాగు వరిలోకి ఎక్కించింది. 1976లో విడుదలైన ఐఆర్36లో అది ఉంది. రైతు కలుపని పీకేది పీకాల్సిందే, కయ్యలో నివ్వరి చేరితే గింజ రాలి ఏటేటా పెరిగి పంట మింగుతుంది. నేననేది చెరువు మూల గురించి.

మొదటి వాక్యం సంగతి ఇది. రెండో వాక్యం దగ్గరికి వస్తే, ఈ అనంతపురం సీమకు శాస్త్రవేత్త చెప్పనక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ లెక్క ప్రకారం రానిది. 1876-78 ధాత కరువు నాటికి అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం, 1882లో విడిపోయింది. ఆ కరువు తర్వాత తెల్లదొరల ప్రభుత్వం 1884లో రైతు అప్పుల చట్టం తెచ్చింది. దాని కింద ఇచ్చిన అప్పునే మన పెద్దలు తకావి అన్నారు. ఆపదలో ఆదుకోవడానికీ, విత్తనానికీ, పశువులకూ అప్పు ఇవ్వవచ్చని ఆ చట్టంలో ఉంది. గంజి పోసి ప్రాణం నిలిపినా విత్తనం లేకుంటే మరుసటి ఏడు మళ్లీ గంజే పోయాలని ఖజానాకు లెక్క తెలిసింది. దయ కాదది, అప్పే. కానీ విత్తనాన్ని తిండిగింజకు వేరుగా చూసింది.

మనం ఇంకా ముందుకు పోయి వేరుశనగకు అలవాటు పడ్డాం. ఇక్కడ రైతులు ఎక్కువగా వేసే గుత్తి రకాల్లో గింజకు నిద్ర లేదు. పీకే వేళ వాన పడితే కాయలోనే మొలకెత్తుతుంది. ఊడ తెగి నేలలో మిగిలిన కాయల్ని ఆడవాళ్లు, పిల్లలు పరిగె ఏరుకుంటారు, అంతే, వచ్చే ఏటికి నేల దాచేది ఏమీ ఉండదు. కొర్ర అయితే ఎకరాకు రెండు కిలోలు చాలు, అయిదెకరాల విత్తనం ఒక కుండలో పడుతుంది, అవ్వ అటక మీద పెట్టుకోగలదు. వేరుశనగ ఎకరాకు దాదాపు 60 కిలోల గింజ కావాలి. అయిదెకరాలకు మూడు క్వింటాళ్లు. రెండు కరువుల తర్వాత, బోరు ఎండి, మనిషి బెంగళూరు కూలికి పోయిన ఇంట్లో మూడు క్వింటాళ్ల గింజ అమ్ముకోకుండా, తినకుండా మిగులుతుందని ఎవరనుకుంటారు? ఖరీఫ్ ముందు కదిరి-6 రకం వేరుశనగ రాయితీ బస్తాల కోసం నిలబడే వరుస రైతు అశ్రద్ధకు గుర్తని కొందరు అంటుంటారు. ఆ మాట అనేవాళ్లు మూడు క్వింటాళ్లను ఒకసారి భుజానికెత్తి చూడాలి.

కాబట్టి కొర్రను, అండుకొర్రను ఇంట్లో దాచుకోమని చెప్పడం సబబే, అది ఇంటికి మోయగల బరువు. వేరుశనగ విత్తనం మాత్రం ఊరికొక గోదాములో, ఒక కారు పంటది కాదు, రెండు కార్లది నిల్వ ఉండాలి. నిల్వ చేసినవాళ్లకు కూలి కట్టాలి, మొలక శాతం చూసి ఏటా మార్చాలి. కరువు బృందాలు వచ్చి ఎండిన చేను పక్కన నిలబడి ఎకరాకు నష్టం ఎంతని రాసుకుంటాయి. వచ్చే కారుకు ఈ ఊళ్లో విత్తనం ఎన్ని క్వింటాళ్లు ఉంది, ఎవరి దగ్గర ఉంది అన్నది ఆ కాగితంలో మొదటి గడిలో రాయించాలి.